నాలుగు కిటికీలకు మూడు బ్లైండ్లు: పని డైరీ

ఫ్లాటు కూకట్‌పల్లి వైపు, మూడో అంతస్తు, రెండు పడకగదులు. కిటికీలన్నీ యూపీవీసీ స్లైడింగువే, మూడు ట్రాకులు. లోపలి ట్రాకులో దోమల జాలి. ప్రతి కిటికీ మీదా 2 అడుగుల సజ్జా ఉంది. పని మే నెల మొదటి వారంలో మొదలైంది. బ్లైండ్ల కొనుగోలుకి ఇంతకంటే మంచి నెల లేదు. గుడ్డలో ఉన్న లోపమంతా మే ఎండ ఒక్క సాయంత్రంలో బయటపెట్టేస్తుంది.

1వ రోజు: ముందు ఎండ, తర్వాత టేపు

కేటలాగు ఇంకా తెరవలేదు. ఏ కిటికీ మీద ఎండ ఎప్పుడు, ఎంత కిందకి పడుతోందో గోడ మీద పెన్సిలుతో గుర్తులు పెట్టడమే ఇవాళ్టి పని.

హాలు కిటికీ పడమర, 183 × 137 సెం.మీ. అసలు గొడవంతా దీనితోనే. మే నెలలో సాయంత్రం 4 గంటలకు హైదరాబాద్‌లో సూర్యుడు దాదాపు 36 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. 60 సెం.మీ. సజ్జా నీడ అప్పుడు కిందకి 44 సెం.మీ. వరకే వస్తుంది. 5 గంటలకు ఎత్తు 22 డిగ్రీలకి పడిపోతుంది, నీడ 24 సెం.మీ. మాత్రమే మిగులుతుంది. అంటే ఎండ ముదిరిన వేళ కిటికీలో మూడో వంతు కూడా సజ్జా కాయదు. "సజ్జా ఉంది కదా, లైట్ గుడ్డ చాలు" అని దుకాణంలో ఎవరైనా అంటే, కిటికీ ఏ దిక్కున ఉందో వాళ్లు అడగలేదన్నమాట.

పెద్ద పడకగది కిటికీ తూర్పు, 152 × 137. ఆరు దాటకముందే వెలుతురు మంచం మీద పడుతుంది. వేడి సమస్య కొంచెమే, చీకటి సమస్య ఎక్కువ.

చదువుకునే గది కిటికీ దక్షిణం, 122 × 137. దీని లెక్క వేరు. మే 9 ప్రాంతం నుంచి ఆగస్టు 3 ప్రాంతం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఈ ఊరికి ఉత్తరం వైపే ఉంటాడు, కాబట్టి ఎండాకాలంలో దక్షిణపు కిటికీకి నేరుగా ఎండ తగలదు. తగిలేది చలికాలంలో. డిసెంబరు చివరి వారంలో మధ్యాహ్నపు సూర్యుడి ఎత్తు 49 డిగ్రీలే. సజ్జా నీడ 69 సెం.మీ. దగ్గర ఆగిపోయి కింది సగం ఎండలో ఉంటుంది. రంగు గుడ్డ వేస్తే రెండేళ్లలో కింది సగం వెలిసి, పై సగం కొత్తగా ఉంటుంది. ఇది మేలో చూసి చెప్పలేం, లెక్క వేసుకోవాల్సిందే.

వంటింటి కిటికీ ఉత్తరం, 91 × 107. గ్యాస్ స్టవ్వుకి రెండడుగుల దూరం.

2వ రోజు: కొలతలు

వెడల్పు మూడు చోట్ల (పైన, మధ్య, కింద), ఎత్తు మూడు చోట్ల, ఆపైన రెండు మూలల మధ్య ఐమూల కొలతలు. ఐమూలలు రెండూ సమానంగా లేకపోతే కిటికీ గుంత (గోడలో కిటికీ కూర్చున్న ఖాళీ) వంకర. హాల్లో తేడా 11 మి.మీ. వచ్చింది. పైన 183.4, కింద 182.6. గ్రానైటు పట్టీలు అతికించిన కిటికీల్లో ఇది మామూలే.

గుంతలోపల బిగించాలా, బయట గోడకి బిగించాలా అన్నది లోతు తేలుస్తుంది. గోడ అంచు నుంచి జాలి ట్రాకు దాకా 7 సెం.మీ. ఉంది. అందులో షట్టరు గొళ్లెం 3 సెం.మీ. ముందుకి వచ్చింది. మిగిలేది 4. రోమన్ బ్లైండ్ (తాళ్లతో మడతలు మడతలుగా పైకి లేచే గుడ్డ తెర) పై పట్టీకే 5 కావాలి, దాని మీద మడతల మందం. రోలర్ అయితే గొట్టం చుట్టూ గుడ్డ చుట్టుకున్నాక ఇంకా లావు. కాబట్టి మూడూ బయటే.

బయట బిగించేటప్పుడు పక్కలకి 7 నుంచి 10 సెం.మీ., పైకి 20, కిందకి 5 ఎక్కువ తీసుకున్నాం. పైకి 20 ఎందుకో రోమన్ లెక్క దగ్గర తెలుస్తుంది. పడకగదిలో ఎడమ పక్కన బీరువా అడ్డు, అక్కడ 5 సెం.మీ. దాటి ఖాళీ లేదు.

కొలతల కాగితం మీద ఒకే యూనిట్ రాయాలి. వడ్రంగులు అంగుళాలు, సూత్‌లలో మాట్లాడతారు (8 సూత్‌లు ఒక అంగుళం), గుడ్డల దుకాణం మీటర్లలో, బ్లైండ్ల దుకాణం చదరపు అడుగుల్లో. "నాలుగడుగుల మూడు" అంటే మూడు అంగుళాలా, మూడు సూత్‌లా అన్న తికమక ఒక్కసారి పడితే గుడ్డ పోయినట్టే. ఈ డైరీలో అన్నీ సెంటీమీటర్లే.

4వ రోజు: నమూనాలు గాజు మీద

మూడు దుకాణాల నుంచి నమూనా ముక్కలు వచ్చాయి. ట్యూబ్‌లైటు కింద అన్నీ బాగుంటాయి. మాస్కింగ్ టేపుతో హాలు గాజు మీద అతికించి 4:30కి చూశాం.

సన్‌స్క్రీన్ గుడ్డలో 1, 3, 5, 10 శాతం రకాలు. ఆ అంకె నేతలో కన్నాల వాటా. 10 శాతం ముక్క వెనక సూర్యబింబం స్పష్టంగా కనిపించింది, పడమటికి పనికిరాదు. 5 శాతంలో కళ్లు చికిలించాల్సి వస్తోంది. 1 శాతంలో బయట ఏమీ కనబడదు, గది దిగులుగా ఉంది. 3 శాతం ఖరారు.

రంగు దగ్గర చాలామంది తడబడతారు. ఒకే 3 శాతంలో తెల్లది, బొగ్గు రంగుది పక్కపక్కన పెడితే, తెల్లది ఎండకి మొత్తం మెరిసిపోయి బయట ఏముందో కనిపించదు. బొగ్గు రంగులోంచి ఎదురింటి నీళ్ల ట్యాంకు కూడా స్పష్టం. కానీ ముదురు గుడ్డ వేడిని పీల్చుకుని గదిలోకే వదులుతుంది. గాజు దాటి లోపలికి వచ్చిన ఎండని వెనక్కి పంపే దారి ఒక్కటే, గుడ్డ బయటి ముఖం తెల్లగా ఉండటం. అందుకని బయట తెలుపు, లోపల బూడిద రంగు ఉన్న రెండు ముఖాల గుడ్డ తీసుకున్నాం. లోపలి బ్లైండ్ ఏదైనా వేడిని తగ్గిస్తుందే కానీ ఆపదు. ఆపాలంటే గాజు బయట వెదురు తడకో, నీడ వలో కట్టాలి.

రాత్రి 8కి అదే నమూనాని బయట కారిడార్ నుంచి చూశాం. లోపల లైటు వెలుగుతుంటే లోపలి మనిషి కదలికలన్నీ కనిపించాయి. సన్‌స్క్రీన్ పగలే చాటు, రాత్రి తెరే లేనట్టు. హాలు కాబట్టి సరిపెట్టుకోవచ్చు, పడకగదికి మాత్రం దీన్ని వాడకూడదు.

జీబ్రా రకం కూడా చూశాం. చారలు రెండు పొరలుగా జరిగే రకం. పూర్తిగా మూసినా చారలు కలిసే చోట సన్నటి వెలుగు గీతలు ఉంటాయి. తూర్పు పడకగదికి పనికిరాదు.

5వ రోజు: బ్లాకౌట్ అస్తరు మీద సూదిపోట్లు

పడకగదికి మొదటి ఆలోచన బ్లాకౌట్ అస్తరు (వెలుతురు రానివ్వని పూత ఉన్న గుడ్డ) వేసిన రోమన్ బ్లైండ్. అర మీటరు అస్తరు తెచ్చి, కడ్డీ దూర్చే పాకెట్ ఒకటి కుట్టించి, ఉదయం 7కి కిటికీ మీద పెట్టాం. గుడ్డలోంచి వెలుతురు చుక్క రాలేదు. కుట్టు వెంట మాత్రం ప్రతి సూదిపోటూ ఒక నక్షత్రంలా మెరిసింది. వెనక పూసిన పూత సూది గుచ్చినచోట చిరిగిపోతుంది, మామూలు గుడ్డ దారంలా మళ్లీ మూసుకోదు. అయిదు పాకెట్లుంటే గోడ మీద అయిదు వరసల చుక్కలు.

సన్నటి సూది, పొడుగు కుట్టు వేస్తే చుక్కలు తగ్గుతాయి, పోవు. పాకెట్లు కుట్టకుండా వేడికి అతుక్కునే టేపు వాడొచ్చు. అయితే తూర్పు కిటికీలో రోజూ ఎండకి కాగే చోట జిగురు ఎన్నాళ్లు నిలుస్తుందో నమ్మకం లేదు. పైగా బ్లైండ్ వెడల్పు 167, ఫర్నిషింగ్ గుడ్డ పన్నా ఎక్కువగా 54 అంగుళాలు, అంటే 137. జోడింపు కుట్టు తప్పదు. అంటే ఇంకో వరస చుక్కలు. రోలర్ గుడ్డ 2 మీటర్లు, అంతకు మించిన పన్నాలో దొరుకుతుంది కాబట్టి జోడింపు ఉండదు, అసలు కుట్టే ఉండదు. పడకగదికి బ్లాకౌట్ రోలర్ నిర్ణయం అయింది. అర మీటరు అస్తరు ఖర్చుతో ఈ సంగతి తెలిసింది, చవకే.

7వ రోజు: కొటేషన్లు

రేటు చదరపు అడుగుకి చెబుతారు. రేటుని చూసే ముందు వాళ్లు అడుగులు ఎలా లెక్కపెడతారో అడగాలి. మూడింటిలో రెండు దుకాణాలు ప్రతి వైపూ పై అర అడుగుకి పెంచుతున్నాయి. హాలు 198 × 162 అసలు విస్తీర్ణం 34.5 చదరపు అడుగులు. పెంచితే 6.5 × 5.5, అంటే 35.75. అదే వెడల్పు 200 అడిగి ఉంటే 6.56 అడుగులు కాస్తా 7 అయ్యి, బిల్లు 38.5 చదరపు అడుగులకి ఎక్కేది. రెండు సెంటీమీటర్లకి 2.75 చదరపు అడుగులు! అందుకే పక్కల అదనం 7.5 దగ్గర ఆపి 198 చేశాం. ఇంకో కారణం కూడా ఉంది. మేం చూసిన తాను పన్నా 2 మీటర్లు, అంచులు తీసేస్తే 195 మించి గుడ్డ రాదు.

కనీస బిల్లు ఇంకో మెలిక. వంటింటి కిటికీ సుమారు 10 చదరపు అడుగులు. ఒక దుకాణం కనీసం 15కి బిల్లు వేస్తానంది. వంటింటికి గుడ్డ వద్దనుకోవడానికి అసలు కారణం అది కాదు, స్టవ్వు దగ్గరగా ఉండటం. మంట భయం ఒకటి, పోపు జిడ్డు మీద దుమ్ము పట్టి మూణ్ణెల్లలో గుడ్డ బంకలా తయారవడం ఇంకొకటి. గాజుకి మసక ఫిల్మ్ అతికిస్తే చాలు. వంటిల్లు జాబితాలోంచి తీసేశాం.

రేటులో జీఎస్టీ ఉందా, బిగింపు కూలి ఉందా, గొట్టం మందం ఎంత, తెర ఎత్తి దించే చైన్ ప్లాస్టిక్‌దా స్టీలుదా, ఇవి కాగితం మీద రాయించుకోవాలి. అన్నిటికన్నా తక్కువ చెప్పిన దుకాణం లెక్కలో ఈ నాలుగూ లేవు. అన్నీ కలిపితే మధ్య దుకాణంతో దాదాపు సమానం. ఆరడుగుల వెడల్పుకి 38 మి.మీ. గొట్టం కంటే సన్నది ఒప్పుకోకూడదు. గొట్టం మధ్యలో వంగితే గుడ్డ మీద వి ఆకారపు ముడతలు వస్తాయి, ఆ తర్వాత ఏం చేసినా పోవు.

ఆర్డర్ కాగితంలో ఒక్కో రోలర్‌కి రాసినవి: వెడల్పు, దింపు (పై నుంచి కిందకి పొడవు), చైన్ ఏ పక్క, గుడ్డ గొట్టం వెనక నుంచి దిగాలా ముందు నుంచా, కింది పట్టీ రంగు. చైన్ పక్క మెకానిజం గుడ్డకీ బ్రాకెట్‌కీ మధ్య 2 సెం.మీ. తింటుంది, రెండో పక్క 1.5. అందుకే పడకగదిలో బీరువా ఉన్న ఎడమ పక్క కాకుండా చోటున్న కుడి పక్క చైన్ పెట్టమన్నాం. గుడ్డ వెనక నుంచే దిగాలి, గోడకి దగ్గరగా ఉంటే పక్కల నుంచి వెలుతురు తగ్గుతుంది.

8వ రోజు: ఇకత్, అస్తరు, కడ్డీలు

చదువుకునే గదికి రోమన్ బ్లైండ్, ఇంట్లోనే కోసి దర్జీతో కుట్టించడానికి. గుడ్డ విజయవాడ హైవే మీద చౌటుప్పల్ దగ్గరి కొయ్యలగూడెం ఇకత్, కాటన్. ఇకత్‌లో దారానికి ముందే రంగు అద్ది తర్వాత నేస్తారు కాబట్టి రెండు వైపులా డిజైను ఒకేలా ఉండాలి. వెనక వెలవెలబోతే అది అచ్చు గుడ్డ. దుకాణంలోనే తడి తెల్లరుమాలుతో మూల రుద్ది చూశాం. ముదురు నీలం కొద్దిగా అంటింది, ఎరుపు అంటలేదు. నీలం ఉన్న తాను వదిలేశాం.

పన్నా 44 అంగుళాలు, 112 సెం.మీ. కావాల్సిన పూర్తి వెడల్పు 138. మధ్యలో జోడింపు పెడితే వెలుతురులో నల్ల గీతలా కనిపిస్తుంది. అందుకే మధ్యన ఇకత్ పూర్తి పన్నా, రెండు పక్కలా సాదా మెరూన్ చేనేత పట్టీలు. ఇకత్ పట్టీలే వేయొచ్చు కదా అంటే, ఇకత్ డిజైను అంచులు స్వభావంగానే కాస్త చెదిరి ఉంటాయి, కుట్టు దగ్గర కలపాలని చూస్తే కలవనట్టే కనిపిస్తుంది. సాదా పట్టీ ఆ తగువు లేకుండా చేస్తుంది.

లెక్క: ఇకత్ 112లో కుట్టులోకి పోయేది 3, కనిపించేది 109. మిగిలిన 29ని రెండు పక్కలకి పంచితే 14.5 చొప్పున. ఒక్కో పట్టీకి కుట్టు 1.5, పక్క మడత 4 కలిపితే 20 సెం.మీ. పొడవు: పూర్తి దింపు 162, కింద పట్టీ పాకెట్‌కి 8, పైన 3, మొత్తం 173. చేనేత కాటన్ తడిస్తే కుదించుకుపోతుంది కాబట్టి 2 మీటర్లు కొన్నాం. అస్తరు తెల్ల కాటన్, 54 అంగుళాల పన్నా, 2 మీటర్లు. అస్తరు మానేయొద్దు, డిసెంబరు ఎండని ఇకత్ బదులు అదే మోస్తుంది.

అస్తరు, వెల్క్రో సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో, కింది అల్యూమినియం పట్టీ రాణిగంజ్‌లో దొరికాయి. మిగతా సామాను బ్లైండ్లు తయారుచేసే దుకాణంలోనే విడిగా అమ్మారు. అల్యూమినియం పట్టీతో కలిపి జాబితా ఇది:

చైన్‌తో తిరిగే పై పట్టీ 138 సెం.మీ., లోపల తాడు చుట్టుకునే డ్రమ్ములు 5
4 మి.మీ. ఫైబర్ కడ్డీలు 5, ఒక్కోటి 133 సెం.మీ.
25 మి.మీ. అల్యూమినియం బద్ద, 136 సెం.మీ.
తాళ్లు దూరడానికి 12 మి.మీ. ప్లాస్టిక్ రింగులు 25, చేతిలో అదనంగా 5
సన్న నైలాన్ తాడు 12 మీటర్లు

10వ రోజు: తడపడం, కోయడం

ఇకత్, మెరూన్, అస్తరు మూడూ విడివిడిగా రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టి, పిండకుండా నీడలో ఆరేసి, కొంచెం తడి ఉండగానే ఇస్త్రీ. ఇకత్ 200 నుంచి 193కి వచ్చింది, మూడున్నర శాతం. అస్తరు 196. ఈ తేడాయే ప్రమాదం. తడపకుండా కుట్టి తర్వాత ఎప్పుడో ఉతికితే ఇకత్ ఒక లెక్కన, అస్తరు ఇంకో లెక్కన ముడుచుకుని బ్లైండ్ అప్పడంలా లేస్తుంది.

చేనేతని మూలమట్టం పెట్టి కోయడం కుదరదు. పేక దారం ఒకటి సూదితో పట్టి మెల్లగా లాగితే గుడ్డ మీద సన్నటి దారి పడుతుంది, ఆ దారి వెంట కత్తెర. కోశాక ఐమూలలు చూస్తే 5 మి.మీ. తేడా. ఇద్దరు ఎదురెదురు మూలలు పట్టి లాగి, ఇస్త్రీ పెట్టాక 2కి తగ్గింది. అది చాలు.

11వ రోజు: మడతల లెక్క

రోమన్ బ్లైండ్ అందం అంతా ఈ లెక్కలోనే ఉంది. దింపు 162లో పైన 6 పట్టీ కోసం, కింద 2 అంచు తొంగిచూడటానికి తీసేస్తే 154. కింద ఒక సగం మడత, ఆపైన అయిదు పూర్తి మడతలు, అంటే 11 సగాలు. 154ని 11తో భాగిస్తే సగం 14, పూర్తి 28. కింద నుంచి కడ్డీలు 16, 44, 72, 100, 128 దగ్గర.

పూర్తిగా ఎత్తినప్పుడు మడతల కుప్ప ఎత్తు 14 + 2 + 6, అంటే 22 సెం.మీ. కిటికీ పైన 20 తీసుకున్నది ఇందుకే. కుప్ప అంతా గోడ మీదే ఉంటుంది, ఫ్రేము మీద 2 సెం.మీ. మాత్రమే. చాలా ఇళ్లలో రోమన్ బ్లైండ్ వేశాక "గది చీకటైంది" అనిపించడానికి కారణం ఈ 20 వదలకపోవడమే, కుప్ప గాజు మీద కూర్చుంటుంది.

పాకెట్లు అస్తరు మీద కుడతాం, ఇకత్ మీద గీత పడదు. ఒక్కో పాకెట్ 3 సెం.మీ. అస్తరు తింటుంది. అయిదింటికి 15. అస్తరు కోత పొడవు 162 + 15 + 3, మొత్తం 180. పక్కలు 1.5 చొప్పున మడిస్తే వెడల్పు 134, ఇకత్ కంటే పక్కకి 2 లోపలికి. కింద నుంచి గీతల జతలు 16–19, 47–50, 78–81, 109–112, 140–143. ప్రతి జతని ఒకదాని మీదకి ఒకటి తెచ్చి కుడితే పాకెట్ తయారు.

12వ రోజు: కుట్టు

దర్జీ దగ్గర కుట్టించాం, కుట్టుకూలి మీటరు లెక్కన కాకుండా పాకెట్ల లెక్కన మాట్లాడుకోవడం న్యాయం. ఇకత్, పట్టీల జోడింపు, పక్క మడతలు, అస్తరు ఆ వరసలో. ఇకత్‌కి అస్తరుని పాకెట్ల పొడవునా మిషన్‌తో కుట్టలేదు, కుడితే ముందు అడ్డ గీతలు కనిపిస్తాయి. ప్రతి రింగు దగ్గరా చేతి సూదితో ఇకత్‌లో రెండు దారాలే పట్టేలా నాలుగు పోట్లు. రింగుల వరసలు 5, అంచుల నుంచి 5 సెం.మీ. లోపలికి, మధ్య దూరం 32 చొప్పున. పై అంచుకి వెల్క్రో మెత్తటి వైపు. గరుకు వైపు పై పట్టీకి ఉంటుంది.

14వ రోజు: బిగింపు, వాలు

కిటికీ పైన ఆరేడు అంగుళాల దాకా ఉండేది కాంక్రీటు లింటెల్. మామూలు డ్రిల్లు తిరుగుతుంది కానీ దిగదు, హ్యామర్ డ్రిల్లు కావాలి. మన గీత 20 సెం.మీ. పైన, లింటెల్ దాటిపోయింది. అక్కడున్నది సిమెంటు తేలిక ఇటుక. ఆ ఇటుకలో మామూలు చిన్న ప్లగ్గు నాలుగు రోజులు చైన్ లాగితే ఊడొస్తుంది. 8 మి.మీ. రంధ్రం, హ్యామర్ ఆపేసి మామూలుగా తిప్పుతూ, 80 మి.మీ. నైలాన్ ప్లగ్గు. హ్యామర్ పెడితే రంధ్రం గుంతలా పెద్దదవుతుంది. రంధ్రం కింద పాత కవరు ఒకటి టేపుతో అతికిస్తే పొడి సోఫా మీద పడదు.

బిగించి దించితే బ్లైండ్ చక్కగా ఉంది. ఎత్తితే ఎడమ పక్క 7 మి.మీ. కిందకి వాలింది. ఇక్కడ తప్పు ఎక్కడుందో పట్టుకునే పద్ధతి ఒకటుంది. దించినప్పుడే వాలి ఉంటే తప్పు పై పట్టీ మట్టంలోనో, వెల్క్రో అతికించిన లైనులోనో. దించినప్పుడు సరిగ్గా ఉండి ఎత్తినప్పుడు వాలితే తాళ్లలోనో, పాకెట్లలోనో. తాళ్లు అయిదూ డ్రమ్ముల మీద ఒకే పొడవు ఉన్నాయి. పాకెట్లు కొలిస్తే దొరికింది. మొదటి పాకెట్ సరిగ్గా ఉంది, చివరిది కుడి పక్కకంటే ఎడమ పక్క 7 తేడా. గుర్తులన్నీ ముందే కింది అంచు నుంచి పెట్టాల్సింది. రెండో పాకెట్ నుంచి "కుట్టిన పాకెట్ నుంచి 28" అని కొలుచుకుంటూ పోయారు. ఒక్కో చోట రెండు మిల్లీమీటర్ల లోపు తప్పు పేరుకుంటూ పైకి పోయింది. పైన మూడు పాకెట్లు విప్పి, కింది అంచు నుంచి కొలిచి మళ్లీ కుట్టడానికి ఒక పూట పట్టింది.

19వ రోజు: రోలర్లు వచ్చాయి

హాలు రోలర్ గుడ్డ కొలిస్తే 191. రావాల్సింది 194.5. కాగితం మీద ఒట్టి "194.5" అని రాశాం, అది గుడ్డ వెడల్పో బ్రాకెట్ నుంచి బ్రాకెట్‌కో రాయలేదు. దుకాణం దాన్ని బ్రాకెట్ కొలతగా తీసుకుని మళ్లీ 3.5 తగ్గించింది. తప్పులో సగం మనదే. గుడ్డ కిటికీని రెండు పక్కలా 4 చొప్పున ఇంకా కప్పుతోంది కాబట్టి వెనక్కి పంపలేదు. సన్‌స్క్రీన్ కాబట్టి సరిపోయింది, బ్లాకౌట్ అయితే పంపేవాళ్లమే. పడకగది కాగితంలో "బ్రాకెట్ టు బ్రాకెట్ 167" అని రాసి ఉంది, అది సరిగ్గా 163.5 వచ్చింది.

మట్టం గొట్టానికి చూడాలి, కిటికీ పట్టీకి కాదు. గొట్టం వాలితే గుడ్డ చుట్టుకునేటప్పుడు ఒక పక్కకి పాకుతూ పోయి అంచు బ్రాకెట్‌కి రాసుకుంటుంది. హాల్లో మట్టం చూసి బిగించినా పూర్తిగా ఎత్తేసరికి గుడ్డ 6 మి.మీ. కుడికి జరిగింది. మందు చిన్నదే. గుడ్డ మొత్తం దించి, గొట్టం ఎడమ చివర మాస్కింగ్ టేపు ముక్క ఒకటి అతికించాలి. గుడ్డ లావున్న వైపుకి జరుగుతుంది. రెండు పొరల టేపుతో సరిపోయింది.

పడకగదిలో ఉదయం చూస్తే గుడ్డలోంచి ఏమీ రావట్లేదు కానీ కుడి అంచు వెంట, పైన గొట్టం మీద వెలుగు పట్టీ. ఎడమ పక్క బీరువాయే గోడలా కాసింది. కుడి పక్క 40 × 20 మి.మీ. అల్యూమినియం ఎల్ పట్టీ, 20 వైపు గోడకి, 40 వైపు ముందుకి, గుడ్డ అంచుని ఆనుకోకుండా 5 మి.మీ. దూరంలో. పైన గొట్టాన్ని కప్పే కవర్ పట్టీ. రెండూ వేశాక మిగిలిన వెలుతురులో గడియారం ముల్లు కనిపించదు. ఆర్డర్‌తోపాటే కవర్ అడిగితే తేలిగ్గా అయిపోయేది, తర్వాత అడిగితే బ్రాకెట్లు మార్చాల్సి వచ్చింది.

చైన్లు: చైన్ ఉచ్చు కింది అంచు నేలకి 150 సెం.మీ. పైనే ఉండాలి. పిల్లల మెడకి ఉచ్చు పడే ప్రమాదం దృష్టిలో యూరప్ ప్రమాణాలు పెట్టిన ఎత్తు అది. మన గొట్టం నేలకి 233 దగ్గర ఉంది, కాబట్టి చైన్ 80 సెం.మీ. వేలాడితే చాలు. దుకాణం పంపింది మీటరున్నర. పొట్టి చైన్ వాడేటప్పుడు జాయింటు లేనిది అడగాలి, జాయింటు మెకానిజంలో తట్టుకుని ఆగుతుంది. కింద గోడకి బిగించే పట్టు కూడా వేశాం, చైన్ ఊగదు. రోమన్ వెనక తాళ్లు మాత్రం చేతికి అందుతూనే ఉంటాయి. చిన్నపిల్లలుండే గదికి ఇలా కుట్టించుకున్న రోమన్ వద్దు, రోలరే.

41వ రోజు: వానలు మొదలయ్యాక

జూన్ రెండో వారం. రోమన్ తాళ్లు సాగి కింది అంచు ఒక పక్క 3 మి.మీ. దిగింది. కొత్త నైలాన్ తాడుకి ఇది మామూలే, డ్రమ్ము దగ్గర ముడి విప్పి సరిచేశాం. అందుకే ముడి దగ్గర తాడు 10 సెం.మీ. మిగుల్చుకోవాలి.

హాల్లో ఒక సాయంత్రం జల్లు కొట్టి గుడ్డ కింది అడుగు తడిసింది. తడిగా ఉండగా చుట్టేస్తే లోపలి పొరల్లో బూజు నల్లటి చుక్కలు పడతాయి, ఆ మరక పోదు. రాత్రంతా దించి ఉంచి, ఫ్యాన్ వేసి, పొద్దున ఎత్తాం. దుమ్ము వారానికోసారి మెత్తటి బ్రష్షు ఉన్న వ్యాక్యూమ్‌తో, పై నుంచి కిందకి. తడిగుడ్డ పెట్టి రుద్దితే సన్‌స్క్రీన్ కన్నాల్లో బురద కూరుకుంటుంది.

ఇకత్ ముక్క 20 సెం.మీ. మిగిలింది, మెరూన్ చేనేత ఎక్కువే మిగిలింది. దాంట్లోంచి పట్టీ ముక్క ఒకటి అస్తరు వెనక పై మూలలో కుట్టి ఉంచాం, ఎప్పుడైనా అతుకు పడితే పనికొస్తుంది. వంటింటి ఫిల్మ్ ఇంకా అతికించలేదు. గాలిలో తడి ఎక్కువున్నప్పుడు కింద నీళ్లు త్వరగా ఆరక బుడగలు మిగులుతాయి, వానలు కాస్త తెరిపిచ్చాక చూడాలి.